డిక్కీలోకి నీళ్లొస్తున్నాయా? ముందు దారి కనిపెట్టండి, సీలెంట్ సంగతి తర్వాత

కారు డిక్కీ తెరవగానే బూజు వాసన కొడుతోందా? పొద్దున్నే వెనక అద్దానికి లోపలివైపు ఆవిరి పట్టి, తుడిచినా కాసేపటికే మళ్లీ పడుతోందా? బండి మలుపు తిరిగినప్పుడల్లా వెనకెక్కడో గలగలమంటోందా? అయితే ఇంకేమీ ఆలోచించకుండా కార్పెట్ ఎత్తి, స్టెప్నీ బయటికి తీసి, ఆ గుంతలోకి చూడండి. డిక్కీ మొత్తంలో పల్లం అదే కాబట్టి నీళ్లు ఎక్కడి నుంచి దిగినా చివరికి చేరేది అక్కడికే, పైన కార్పెట్ పొడిగా కనిపిస్తుంటే చాలామందికి ఆ సంగతి నెలల తరబడి తెలియను కూడా తెలియదు.

నీళ్లు చూడగానే టెన్షన్ పడి సిలికాన్ ట్యూబు కొనుక్కొచ్చి కనిపించిన ప్రతి సందులోనూ పూసేయకండి. దయచేసి ఇది మాత్రం వినండి. నీళ్లు నిలిచిన చోటుకీ లోపలికి వచ్చిన చోటుకీ చాలా దూరం ఉండొచ్చు, పైకప్పు అంచు దగ్గర దూరిన చుక్క పైకప్పును మోసే పిల్లర్ లోపలి నుంచి జారి, వైరింగ్ పట్టుకుని పాకి, వీల్ ఆర్చ్ (చక్రం పైన వంపు తిరిగిన రేకు) మీదుగా దిగి స్టెప్నీ గుంతలో తేలుతుంది. ఈ పనిలో ముప్పాతిక భాగం వెతుకులాటే. దారి దొరికితే మూయడం చాలావరకు గంటలో అయిపోయే పని, దొరక్కుండా పూస్తే మాత్రం ఆ పూసిన సిలికాన్ అసలు లీకును కప్పేసి, రేపు మెకానిక్ చూసినా దొరక్కుండా చేస్తుంది.

ముందు మొత్తం ఖాళీ చేసి ఆరబెట్టండి

సామాన్లు, ఫ్లోర్ బోర్డు, కార్పెట్, స్టెప్నీ, జాకీ, పనిముట్లు అన్నీ బయట పెట్టండి. పక్క ట్రిమ్‌లు, అంటే లోపలి రేకును కప్పే పలకలు, ప్లాస్టిక్ క్లిప్పులతో ఉంటాయి, వాటిని స్క్రూడ్రైవర్‌తో పెకలిస్తే విరిగిపోతాయి, ప్లాస్టిక్ ట్రిమ్ టూల్ దొరికితే మంచిది, లేకపోతే స్క్రూడ్రైవర్ మొనకు బట్ట చుట్టి మెల్లగా లేపండి. టెయిల్ లైట్ల వెనక భాగం, వీల్ ఆర్చ్‌ల పైభాగం, వెనక ప్యానెల్ అతుకులు, ఈ మూడూ ఉత్త రేకు కనిపించేదాకా తీయాలి. ఇక్కడ బద్ధకిస్తే తర్వాత చేసేదంతా ఊహే అవుతుంది.

ఒక్క జాగ్రత్త. కొన్ని కార్లలో బ్యాటరీ, యాంప్లిఫయర్, కొన్ని కంట్రోల్ మాడ్యూళ్లు డిక్కీలోనే ఉంటాయి. నీళ్లు వాటిదాకా వెళ్లాయనిపిస్తే ముందు బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ విప్పండి. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో నారింజ రంగు కేబుళ్లు కనిపిస్తే వాటి జోలికి అసలు పోవద్దు, అవి హై వోల్టేజీవి, అక్కడ తడి ఉందంటే పని ఆపేసి సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేయండి.

గుంతలో నీళ్లను స్పాంజితో పీల్చేసి, పాత టవల్‌తో రేకంతా తుడిచి, ఫ్యాన్ పెట్టి పూర్తిగా ఆరనివ్వండి. తడి రేకు మీద కొత్త చుక్క కనిపించదు కదా.

నీళ్లు ఎప్పుడొస్తున్నాయో గుర్తు తెచ్చుకోండి

ఇది పైసా ఖర్చు లేని పరీక్ష, కానీ వెతికే చోటును సగానికి తగ్గించేస్తుంది. బండి నిలిపి ఉంచినప్పుడు వానకే తడుస్తోందంటే దారి పైభాగంలో ఉంది: పైకప్పు అతుకులు, వెనక అద్దం, టెయిల్ లైట్లు, డిక్కీ రబ్బరు. ఆరుబయట వానలో నిలిపితే పొడిగానే ఉండి, నీళ్లు నిలిచిన రోడ్డు మీద నడిపితేనే తడుస్తోందంటే చక్రాలు చిమ్మే నీళ్లు కింద నుంచి వస్తున్నాయి, అప్పుడు వీల్ ఆర్చ్ అతుకులు, అడుగున ఉండే రబ్బరు బిరడాలు, బంపర్ వెనక గాలి పోయే వెంట్లు చూడాలి. బండి ముక్కు ఎత్తుగా ఉండేలా వాలులో నిలిపినప్పుడే వస్తోందా, కిందికి ఉన్నప్పుడా అన్నది కూడా గమనించండి.

వాన లేని రోజుల్లో కూడా తడి ఉందంటే ఆలోచన మార్చాలి. వెనక వైపర్ ఉన్న కార్లలో వాషర్ నీళ్ల గొట్టం లోపలే ఊడిపోయి ఉండొచ్చు, నీళ్లకు సబ్బు వాసన ఉండి వాషర్ ట్యాంకు ఊరికే ఖాళీ అవుతోందంటే దాదాపు అదే. వెనక సీట్లకు వేరే ఏసీ యూనిట్ ఉన్న పెద్ద బళ్లలో ఆ యూనిట్ డ్రెయిన్ గొట్టం పూడుకుపోయినా ఇంతే, ఏసీ వేసిన రోజే తడుస్తుంది. వెనక సీటు కాళ్ల దగ్గర కూడా కార్పెట్ తడిగా ఉంటే మాత్రం డిక్కీ ఒక్కటే చూస్తే లాభం లేదు, వెనక డోర్ ప్యానెల్ లోపల ఉండే ప్లాస్టిక్ షీటు అంటు ఊడిందేమో కూడా చూడండి.

ఇంకోటి, ఆ బండికి వెనకవైపు ఎప్పుడైనా దెబ్బ తగిలి బాడీ పని జరిగిందా? స్పాయిలర్, రివర్స్ కెమెరా, కొత్త యాంటెన్నా లాంటివి ఏమైనా తర్వాత బిగించారా? బిగించడానికి కొట్టిన ప్రతి రంధ్రమూ అనుమానితురాలే. అవునంటే మొదట అక్కడే చూడండి.

నీళ్ల పరీక్ష

ఇద్దరు ఉంటే సులువు. ఒకరు బయట పైపు పట్టుకోవాలి, ఇంకొకరు వెనక సీటు మడిచి, ఆ దారిలో డిక్కీలోకి వంగి టార్చ్‌తో చూడాలి. సీటు మడవడం కుదరని కార్లో మనిషిని డిక్కీలో పెట్టి మూసేయొద్దు, పిల్లల్ని అయితే ఆటకు కూడా వద్దు. అలాంటి కార్లో రేకంతా టాల్కమ్ పౌడరో సుద్దపొడో పల్చగా చల్లి మూత వేయండి, నీళ్లు పోశాక తెరిచి చూస్తే చుక్క జారిన ప్రతిచోటా పొడిలో గీత కనిపిస్తుంది, ఆ గీతను పట్టుకుని పైకి వెళ్లడమే. అనుమానం ఉన్న మూలల్లో టిష్యూ పేపర్లు అంటించినా పనిచేస్తుంది. లోపల మనిషి ఉన్నంతసేపూ ఇంజిన్ ఆపే ఉంచాలి, తాళం చెవి లోపలున్న మనిషి దగ్గరే ఉండాలి.

ఇక నీళ్లు పోసే తీరు. ప్రెషర్ వాషర్ వద్దు, అది మంచి రబ్బరును కూడా దాటించి లేని లీకును చూపిస్తుంది. మామూలు పైపు, ముందర నాజిల్ లేకుండా, వాన పడినట్టు మెల్లగా పారనివ్వాలి. ఎప్పుడూ కింది నుంచి పైకి వెళ్లండి: మొదట వెనక బంపర్ పైభాగం, తర్వాత నంబర్ ప్లేటు లైట్లు, టెయిల్ లైట్లు, డిక్కీ మూత అంచు, వెనక అద్దం అంచు, చివరికి పైకప్పు. పైనుంచి మొదలుపెడితే నీళ్లు అన్నిటి మీదుగా కారి ఏది కారుతోందో తేలదు. ఒక్కో చోట కనీసం ఐదు నిమిషాలు పోయండి, కొన్ని లీకులకు లోపలి గాడి నిండాకే చుక్క బయటపడుతుంది. ఈ ఓపికే ఇక్కడ అన్నిటికంటే ముఖ్యం.

ఎంత పోసినా దొరకడం లేదా? సబ్బు నీళ్ల పద్ధతి ఉంది, నాకు అన్నిటికంటే నమ్మకం దీనిమీదే. అద్దాలూ తలుపులూ డిక్కీ మూసి, ఇగ్నిషన్ ఆన్ చేసి, బ్లోయర్‌ను బయటి గాలి తీసుకునే మోడ్‌లో ఫుల్ స్పీడ్‌లో పెట్టండి. కారు లోపల గాలి ఒత్తిడి కొంచెం పెరుగుతుంది. ఇప్పుడు బయట అతుకుల మీద, లైట్ల చుట్టూ, రబ్బరు వెంట సబ్బు నీళ్లు స్ప్రే చేస్తే సందు ఉన్న చోట బుడగలు పొంగుతాయి. పంక్చర్ షాపులో ట్యూబును నీళ్లలో ముంచి చూడటం లాంటిదే. డిక్కీలోకి గాలి బాగా రావాలంటే వెనక సీటు మడిచి ఉంచండి.

దొరికిన చోట మార్కర్‌తో గుర్తు పెట్టి ఫోటో తీసుకోండి. ఒకటి దొరికిందని ఆపేయకండి, మిగతా చోట్లూ పూర్తి చేయండి, పాత బళ్లలో రెండు దారులుండటం మామూలే.

టెయిల్ లైట్ల దగ్గర కారుతుంటే

చాలా కార్లలో దొంగ ఇదే. లైటుకూ బాడీకీ మధ్య పల్చటి ఫోమ్ గాస్కెట్ ఉంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ అది నలిగి, గట్టిపడి, నీళ్లు పీల్చడం మొదలుపెడుతుంది. లోపలి నుంచి లైటు నట్లు విప్పి, కనెక్టర్ తీసి, లైటును తిన్నగా వెనక్కి లాగండి, కొన్నిటికి పక్కన ప్లాస్టిక్ పిన్ను కూడా ఉంటుంది కాబట్టి పక్కకు వంచి లాగొద్దు. పాత గాస్కెట్‌ను పూర్తిగా గీకేసి, రెండు వైపులా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి.

కొత్త గాస్కెట్ దొరికితే అదే వేయండి. దొరక్కపోతే బ్యూటైల్ టేప్ దీనికి చక్కటి మందు, తాడులా ఉండే నల్లటి జిగురు పదార్థం అది, ఎప్పటికీ గట్టిపడదు, రేపు లైటు తీయాల్సి వచ్చినా విరక్కుండా వచ్చేస్తుంది. పాత గాస్కెట్ ఉన్న దారిలోనే చుట్టూ ఒకే ముక్కగా పెట్టి, రెండు కొసలనూ కొంచెం ఒకదానిమీద ఒకటి వచ్చేలా నొక్కండి, ఆ అతుకు కిందివైపు రావాలి. లైటు బిగించే బోల్టుల చుట్టూ కూడా చిన్న ముక్క చుట్టండి, అక్కడి నుంచే చుక్క దిగడం ఎక్కువ. నట్లు ఒక్కొక్కటీ కొంచెం కొంచెం తిప్పుతూ అన్నీ సమానంగా బిగించాలి, బలం చూపిస్తే ప్లాస్టిక్ పగులుతుంది, అప్పుడు లైటే మార్చాల్సి వస్తుంది.

మూడో బ్రేకు లైటు, నంబర్ ప్లేటు లైట్లు, డిక్కీ మీది లోగో, స్పాయిలర్ బోల్టులు, అన్నిటికీ ఇదే వైద్యం.

డిక్కీ చుట్టూ ఉండే రబ్బరు

రబ్బరు పాడైందో లేదో చూడ్డానికి ఒక కాగితం ముక్క చాలు. రబ్బరు మీద కాగితం పెట్టి డిక్కీ మూసి లాగండి. బిగుతుగా వస్తే బాగుంది, ఊరికే జారిపోతే అక్కడ ఒత్తుకోవడం లేదు. ఇలా చుట్టూ ప్రతి జానెడుకీ చూడండి. ఇంకో పద్ధతి, రబ్బరు మీద సుద్ద రుద్ది మూసి తెరిస్తే మూతకు సుద్ద అంటని చోట ఖాళీ ఉన్నట్టు.

మార్చేయాలని తొందరపడకండి. చాలాసార్లు రబ్బరు బాగానే ఉండి, కింద ఇరుక్కున్న మట్టి, ఆకుల వల్ల పైకి లేచి ఉంటుంది. రబ్బరును చేత్తో లాగి తీసి (గుచ్చి తీయొద్దు), సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టండి. అది కూర్చునే రేకు అంచు వంగిందా, తుప్పు పట్టిందా చూసి సరిచేయండి. మళ్లీ పెట్టేటప్పుడు అతుకు చాలా కార్లలో కింద మధ్యలో, లాక్ దగ్గరికి వస్తుంది. మూలల్లో సాగదీయకుండా కాస్త వదులుగా ఉంచి, రబ్బరు సుత్తితో చుట్టూ తట్టుకుంటూ కూర్చోబెట్టండి. మూలల్లో లాగి పెడితే అది పల్చబడి మళ్లీ అక్కడే కారుతుంది. చివర్లో సిలికాన్ గ్రీజు పల్చగా రాయండి, మెత్తగా ఉంటుంది. పెట్రోలియం జెల్లీ, ఇంజిన్ ఆయిల్ లాంటివి వద్దు, రబ్బరును ఉబ్బించి పాడుచేసే ప్రమాదం ఉంది.

రబ్బరు కొత్తదైనా కాగితం జారిపోతోందంటే మూత సరిగ్గా దిగడం లేదన్నమాట. లాక్ కొక్కేన్ని ఒకటి రెండు మిల్లీమీటర్లు కిందికి జరిపి, మూలల్లో ఉండే రబ్బరు బుడిపెలను కొంచెం లోపలికి తిప్పి చూడండి. జరిపే ముందు పాత స్థానం చుట్టూ పెన్నుతో గీసుకోండి.

రబ్బరుకు బయట, మూత కింద ఒక గాడి ఉంటుంది చూశారా, వాన నీళ్లు దాంట్లోంచే రెండు పక్కలకూ పారి బంపర్ మీదికి వెళ్లిపోవాలి. ఆకులు పడి అది పూడితే నీళ్లు రబ్బరు ఎక్కి లోపలికి దూకుతాయి. చెట్ల కింద బండి పెట్టేవాళ్లు ఇది ముందుగా చూసుకోవాలి.

పైకప్పు అతుకులు, వెనక అద్దం

పైకప్పుకు రెండు పక్కలా పొడుగ్గా నల్లటి పట్టీ కనిపిస్తుంది. దాని కింద పైకప్పు రేకూ పక్క రేకూ కలిసే అతుకు ఉంటుంది, ఫ్యాక్టరీలో దాన్ని సీలెంట్‌తో నింపుతారు. ఎండకు ఆ సీలెంట్ ఎండి వెంట్రుకంత పగులు ఇచ్చినా చాలు, నీళ్లు పిల్లర్ లోపలికి దిగి డిక్కీ మూలలో తేలతాయి. పట్టీని మెల్లగా ఎత్తి, పగిలిన సీలెంట్‌ను ప్లాస్టిక్ బ్లేడుతో గీకి, ఆల్కహాల్‌తో తుడిచి, బాగా ఆరాక ఆటోమోటివ్ పాలీయురెథేన్ సీమ్ సీలర్ (రేకు అతుకుల్ని మూసే సీలెంట్) నింపండి. రేకు బయటపడి ఉంటే ముందు ప్రైమర్ కొట్టాలి. సీలర్‌ను వేలితో గాడిలోకి నొక్కుతూ చదును చేయండి, గ్లవ్స్ వేసుకోండి, అది చర్మానికి అంటితే ఒక పట్టాన పోదు. ఆరడానికి ట్యూబు మీద ఎంతసేపని ఉంటే అంతసేపూ నీళ్లు తగలనివ్వొద్దు.

బాత్రూముల్లో వాడే, పులుపు వాసన వచ్చే సిలికాన్ మాత్రం ఇక్కడ వాడొద్దు. ఆరేటప్పుడు అది అసిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది, రేకుకు తుప్పు పట్టిస్తుంది. పైగా సిలికాన్ తగిలిన చోట తర్వాత పెయింట్ పట్టదు, వేరే సీలెంట్ కూడా అంటదు.

వెనక అద్దం అంచు నుంచి కారుతుంటే ఇంట్లో చేయకండి. అద్దాన్ని బాడీకి అంటించేది యురెథేన్ జిగురు, దాన్ని కోసి, శుభ్రం చేసి, ప్రైమర్ వేసి మళ్లీ అంటించాలి, అద్దాల పని చేసేవాళ్లకే అప్పగించండి. పైన పూసే పూత కొన్నాళ్లే ఆగుతుంది, ఈలోపు లోపల తుప్పు పెరుగుతూనే ఉంటుంది.

బంపర్ వెనక, అడుగున

వెనక బంపర్ చాటున రెండు పక్కలా లేదా ఒకవైపు, రబ్బరు రేకలున్న ప్లాస్టిక్ వెంట్లు ఉంటాయి. తలుపు వేసినప్పుడు, బ్లోయర్ తిరిగినప్పుడు లోపలి గాలి బయటికి పోయేది వాటిలోంచే. ఫ్రేము చుట్టూ ఉన్న ఫోమ్ పాడైతే నీళ్లు వస్తాయి. బంపర్ విప్పి, వెంట్ తీసి, ఫ్రేము చుట్టూ బ్యూటైల్ టేప్ వేసి పెట్టండి, రేకలు విరిగితే కొత్తది వేయండి. వెంట్‌ను మాత్రం పూర్తిగా మూసేయొద్దు. గాలి పోయే దారి లేక తలుపులు గట్టిగా వేస్తే తప్ప పడవు, అద్దాలకు ఆవిరి ఇంకా ఎక్కువ పడుతుంది.

అడుగున ఉండే బిరడాలు గట్టిపడితే మార్చేయండి, చవకైన వస్తువులు. నీళ్లు పోవడానికి గుంతలో రంధ్రం కొట్టడం, బిరడా తీసి వదిలేయడం కొందరు చేస్తుంటారు. బిరడా తీయడం వానాకాలంలో రెండు మూడు రోజులకైతే సరే, అలాగే ఉంచేస్తే రోడ్డు నీళ్లూ దుమ్మూ పొగా అన్నీ ఆ దారినే వస్తాయి. అవును, పొగ కూడా. డిక్కీకి సందులుంటే సైలెన్సర్ పొగ కారులోకి చేరే అవకాశం ఉంది, కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. లీకును తడి సమస్యగానే చూడకూడదని అందుకే అంటాను.

హ్యాచ్‌బ్యాక్ అయితే, సన్‌రూఫ్ ఉంటే

హ్యాచ్‌బ్యాక్‌లో పైకప్పుకూ డిక్కీ డోరుకూ మధ్య వైర్లు వెళ్లే రబ్బరు గొట్టం చూడండి, వంగి వంగి మడతల్లో చీలుతుంది. వాషర్ గొట్టం కూడా చాలా కార్లలో దాంట్లోంచే వెళ్తుంది. చీలితే గొట్టం మార్చాలి, టేపు చుడితే ఎక్కువ కాలం నిలవదు.

సన్‌రూఫ్‌కు సాధారణంగా నాలుగు మూలలా డ్రెయిన్ గొట్టాలుంటాయి, వెనకవి రెండూ పిల్లర్లలోంచి దిగి బంపర్ దగ్గర బయటపడతాయి. సన్‌రూఫ్ తెరిచి గాడి మూలలో గ్లాసుడు నీళ్లు మెల్లగా పోయండి, బండి కింద చుక్కలు పడాలి. పడకపోతే గడ్డి కోసే మెషీన్‌లో వాడే నైలాన్ తీగ మెత్తటిది తీసుకుని నిదానంగా లోపలికి పంపండి. కంప్రెసర్ గాలి గట్టిగా కొట్టొద్దు, గొట్టం లోపల అతుకు దగ్గర ఊడితే పైకప్పు లైనింగ్ మొత్తం దించాల్సి వస్తుంది.

మూసేశాక

మళ్లీ నీళ్ల పరీక్ష చేయండి, అదే వరుసలో, అదే ఓపికతో. ఈసారి బండిని ఒకసారి ముక్కు పైకి, ఇంకోసారి కిందికి ఉండేలా వాలులో పెట్టి కూడా చూడండి.

కార్పెట్‌ను ఎండలో రెండు వైపులా ఆరబెట్టండి. కింద ఉండే దళసరి ఫెల్టు అసలు సమస్య, పైన పొడిగా తగిలినా లోపల నీళ్లు పట్టుకుని ఉంటుంది, దాన్ని విడదీసి నిలబెట్టి ఆరేయాలి. బూజు బాగా పట్టిన ఫెల్టును ఉంచుకోకండి, ఎంత కడిగినా వాసన తిరిగి వస్తుంది. రేకు మీద తుప్పు ఉంటే వైర్ బ్రష్‌తో రుద్ది, రస్ట్ కన్వర్టర్ వేసి, ప్రైమర్, పెయింట్ పూయండి. వేలితో నొక్కితే రేకు లొంగుతోందంటే మాత్రం అది వెల్డింగ్ పని.

ట్రిమ్‌లూ కార్పెట్టూ వెంటనే బిగించేయొద్దు. గుంతలో ఒక పొడి న్యూస్‌పేపర్ పరిచి అలాగే తిరగండి, అప్పుడప్పుడూ తీసి చూడండి. రెండు గట్టి వానలు పడ్డాక కూడా ఆ కాగితం ముడత పడకుండా పొడిగా ఉంటే అప్పుడు స్టెప్నీ దించి, కార్పెట్ పరిచి, క్లిప్పులు నొక్కేయండి.